మీ ఊళ్లో వలస పిట్టలు చివరిసారి ఎప్పుడు కనిపించాయి? (ఫిబ్రవరి, మార్చి నమోదులు)

మంజీర ఒడ్డు | ఫిబ్రవరి 22, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏటా ఫిబ్రవరిలో జరిగే పిట్టల లెక్కింపు, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్, ఆ నాలుగు రోజులూ మనవాళ్లు బాగా తిరిగారు. పిట్టల నమోదులు పెట్టే ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో ఏ చెరువు పేరు కొట్టినా జాబితా కనిపిస్తోంది, చాలా సంతోషం. కానీ ఏటా ఆ వారం దాటగానే అంతా చప్పబడిపోతుంది. ఎండ ముదురుతుంది, పిల్లలకు పరీక్షలు వస్తాయి, బైనాక్యులర్లు బీరువాల్లోకి వెళ్తాయి. పిట్టలు కదిలేది సరిగ్గా అప్పుడే.

మొదటి బాతు ఎప్పుడు దిగిందని అడిగితే ఇక్కడ పదిమంది తేదీతో సహా చెబుతారు. ఆఖరి బాతు ఎప్పుడు లేచిపోయిందంటే అందరూ ఆలోచనలో పడతారు. అందుకే ఈసారి పోయేవాటి మీద కన్నేద్దాం. ఊరు, తేదీ, ఎన్ని కనిపించాయి, ఇంతే చాలు. గొప్ప ఫొటోలు అక్కర్లేదు. వెళ్లి చూసి పిట్ట కనిపించకపోతే ఆ సంగతి కూడా తప్పకుండా రాయండి. ‘లేదు’ అన్న నమోదు లేకుండా ‘ఆఖరి రోజు’ ఏదో తేలదు.

నాతోనే మొదలుపెడతాను. ఈ ఉదయం సింగూరు వెనుక జలాల అంచున బార్ హెడెడ్ గూస్‌లు 46. తల వెనుక రెండు నల్లచారలుండే బాతులు. జనవరిలో ఇదే బురద మీద వంద దాటి ఉండేవి. శనగ చేలల్లో మేసి పొద్దెక్కాక నీటికి చేరుతున్నాయి.

మోదుగు తోవ (సిద్దిపేట దిక్కు) | ఫిబ్రవరి 23, పొద్దున 7:15

అన్నా, మా దిక్కు మోదుగు ఈసారి మస్తు పూసింది. చెల్క గట్టు మీది చెట్ల మీద గులాబీ గోరింకలు పొద్దుగాల్నే దిగినయ్. లెక్కవెట్టుడు కష్టం, ఒక్కకాడ నిలువయ్. అటిటుగ 300 అనుకోన్రి.

చెట్టు కిందికి పోయి సప్పుడు చెయ్యకుండ కూసున్న. పిట్ట పువ్వుల ముక్కు పెట్టి తీసేసరికి నొసటి మీద పచ్చటి పుప్పొడి అంటుకుంటది. గట్లనే ఇంకో పువ్వుకు పోతది. నవంబర్ల ఇవే పిట్టలు మట్టిరంగుల మాసిపోయినట్టు ఉండె. ఇప్పుడు వీపు గులాబీ రంగు తేలింది, తల నల్లగ నిగనిగ మెరుస్తాంది. ఈకలు మార్చుకున్నయా?

తెల్లజొన్న కంకి మీదుంది. మా బాపు మంచె మీద కూసొని వడిసెల తిప్పుతాండు. గోరింకలంటె ఆయనకు కోపం, నాకు పాణం.

రెక్కగుర్తు | ఫిబ్రవరి 23, ఉదయం 10:02

తమ్ముడూ, కింద కూర్చుని చూసి రాశావు చూడు, అలాంటి నమోదులే కావాలి. నీ ప్రశ్నకు జవాబు: ఈకలు మార్చుకోలేదు, అరిగాయి. చలికాలానికి ముందు వచ్చే కొత్త ఈకలకు కొసన మట్టిరంగు అంచు ఉంటుంది. ఆ అంచే అసలు రంగును కప్పేస్తుంది. కొమ్మలకు రాసుకుని, ఎండకు ఎండి, ఫిబ్రవరి నాటికి ఆ అంచు రాలిపోతుంది. అడుగున ఉన్న గులాబీ, నలుపు అప్పుడు బయటపడతాయి. అంటే జత కట్టే రంగు వాటికి గూళ్లు పెట్టే మధ్య ఆసియాకు వెళ్లకముందే, మన మోదుగు చెట్ల మీదే సిద్ధమవుతుంది.

మీ బాపుతో ఇంకో మాట చెప్పు. ఈ పిట్టలు మధ్య ఆసియా మైదానాలకు వెళ్లి పిల్లలకు పెట్టేది ప్రధానంగా మిడతలే. చైనాలోని షిన్‌జియాంగ్‌లో వీటి గూళ్ల కోసం రాళ్లు కుప్పలు పోసి మరీ పెట్టారు, మిడతల దండును తింటాయని. జొన్న కంకి మీద వాలినప్పుడు రైతుకు నష్టమే, కాదనను. కానీ ఈ పిట్టకు రెండో ముఖం కూడా ఉంది.

వీరాపురం నుంచి | ఫిబ్రవరి 24, సాయంత్రం 6:30

అందరికీ నమస్తే. ఈ గుంపుకు కొత్త. మాది చిలమత్తూరు మండలం వీరాపురం. మా ఊరికి సైబీరియా కొంగలు వచ్చినాయి. చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుంటాండాయి. మగది పుల్ల తెచ్చిస్తే ఆడది సర్దుకుంటాది, నచ్చకపోతే కింద పడేస్తాది. రెట్ట వాసన ఉన్నా మా ఊర్లో వాటిని ఎవురూ ఏమనరు. ఆడబిడ్డలు పుట్టింటికి పురుడుకు వచ్చినట్లు అంటాది మా అవ్వ.

ఇవి మళ్లా సైబీరియాకు పోయే తేదీ రాయల్లంటే జూలై, ఆగస్టు దాకా ఆగల్ల. పర్వాలేదా?

కొల్లేటి గట్టు | ఫిబ్రవరి 24, రాత్రి 8:11

వీరాపురం తమ్ముడికి స్వాగతం. మీ ఊరివాళ్లు ఆ కొంగలను కాపాడే తీరు గురించి చాలాసార్లు విన్నాను. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అయితే ఒక్క సంగతి సరిచూసుకుందాం. అవి పెయింటెడ్ స్టార్క్‌లు, మా వైపు ఎర్రకాళ్ల కొంగలంటారు. అవి సైబీరియావి కావు, అచ్చంగా మన దేశపువే. పేపర్లలో ఏటా ‘సైబీరియా కొంగలు’ అని వేస్తారు. ఖమ్మం జిల్లా చింతపల్లి కొంగలకూ, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం కొంగలకూ ఇదే పేరు పెట్టేశారు. గుర్తుపట్టడం చాలా తేలిక. చలికాలం గడపడానికి వచ్చే పరదేశపు పిట్ట ఇక్కడ గూడు పెట్టదు. దాని గూడు దాని ఊళ్లోనే ఉంటుంది. మీ చింతచెట్టు మీద గుడ్డు పెట్టిందంటే దాని పుట్టిల్లు మీ ఊరే. మీ అవ్వ మాటే నిజం.

పిల్లలు ఎగరడం నేర్చాక అవి నీళ్లూ చేపలూ ఉన్న చోటికి చెదిరిపోతాయి. ఒక చెరువు ఎండితే ఇంకో చెరువు, ఒక జిల్లా కాకపోతే ఇంకోటి. అందుకని మీరు తేదీ తప్పకుండా రాయండి. ‘సైబీరియాకు పోయిన తేదీ’ అని కాకుండా ‘గూళ్లు ఖాళీ అయిన తేదీ’ అని. చెరువులో నీళ్లు ఎంత ఉన్నాయో కూడా పక్కనే వేయండి. మీ ఊరి కొంగల బాగోగులన్నీ ఆ నీటితోనే ముడిపడి ఉంటాయి.

మా ఆటపాకలో అటవీశాఖ పెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతుల (పెలికాన్ల) పిల్లలు తల్లంత అయ్యాయి. తల్లి నోరు తెరిస్తే పిల్ల తల మొత్తం ఆ సంచిలోకి దూర్చేస్తోంది. ఇవీ ఇక్కడివే.

వీరాపురం నుంచి | ఫిబ్రవరి 24, రాత్రి 9:05

మంచి మాట చెప్పినారు సార్. మా అవ్వకు చెప్తే ‘నేను ముందే అన్లేదా’ అనింది. చెరువులో నీళ్లు సగం కంటే తక్కువే ఉండాయి. రేపట్నుంచి గూళ్ల లెక్క రాస్తా. మరి నిజంగా సైబీరియా నుంచి వచ్చేటివి ఏవి?

తీరం వెంట (కాకినాడ) | ఫిబ్రవరి 25, ఉదయం 6:50

దీనికి నేను చెప్తానండి. మా ఉప్పుటేరు బురదల్లో తిరిగే చిన్నచిన్న ఉల్లంకి పిట్టలున్నాయి చూడండి, వాటిలో కర్లూ శాండ్‌పైపర్ అని ఒకటి. పిడికిట్లో పట్టేంత, బరువు 60 గ్రాములు అటూ ఇటూ. అది గూడు పెట్టేది ఉత్తర సైబీరియాలో, చెట్టు మొలవని మంచు నేలల మీద. అంత చిన్న ప్రాణి అక్కడి నుంచి కోరంగి దాకా వచ్చి, మళ్లీ వెళ్తుంది. పేరంతా ఆ పెద్ద కొంగ కొట్టేసింది గానీ సైబీరియా అతిథి అనాల్సింది దీన్ని.

నిన్న పాటు సమయానికి, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు, పడవలో హోప్ ఐలాండ్ వైపు వెళ్లాం. కర్లూ శాండ్‌పైపర్‌లు ఇంకా బూడిద రంగులోనే ఉన్నాయి, ఒకదానికి మాత్రం పొట్ట మీద ఇటుకరంగు మచ్చలు మొదలయ్యాయి. శాండ్ ప్లోవర్లలో కొన్నిటికి రొమ్ము మీద కాషాయం పట్టీ స్పష్టంగా వచ్చేసింది. రంగు మారుతోందంటే ప్రయాణానికి సిద్ధమవుతున్నట్టే. అందుకే లెక్కతో పాటు రంగు ఎంతవరకు వచ్చిందో కూడా రాసుకుంటున్నాను.

అసలు విశేషం ఇండియన్ స్కిమ్మర్లు. ఇసుకతిన్నె మీద 28. కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు, దాన్ని నీళ్లలో ముంచి నాగలి దున్నినట్టు ఎగురుతాయి. చంబల్, మహానది లాంటి పెద్ద నదుల ఇసుక మేటల మీద వేసవిలో గుడ్లు పెట్టాలి గనక ఇక ఎక్కువ రోజులు ఉండవు. అంతరించే ప్రమాదంలో ఉన్న పిట్ట. మా తీరాన ఇవి ఎప్పటిదాకా ఉంటాయో తెలుసుకోవడం ఈ ఏడాది నా పని.

నల్లరేగడి (నంద్యాల) | ఫిబ్రవరి 28, రాత్రి 10:20

ఈ పొద్దు సాయంత్రం రోళ్లపాడు పోయినాము. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసిన చోటు. ఆ పిట్ట ఇప్పుడు ఏండ్ల నుంచి కానరావడం లేదు. అక్కడికి పోయినప్పుడల్లా అదే బాధ. కానీ ఆ గడ్డిని నమ్ముకుని ఇంకా చానా ప్రాణాలు బతుకుతాండాయి. వాటిలో పిల్లి గద్దలు (హ్యారియర్లు) ఒకటి.

పొద్దు కుంకేటప్పుడు నాలుగు దిక్కుల నుంచి ఒక్కొక్కటే వచ్చినాయి. గడ్డి మీద మోకాలెత్తున చుట్టు తిరిగి తిరిగి, ఉన్నట్టుండి కిందికి జారి కనబడకుండా పోతాయి. చెట్టెక్కవు, నేల మీదనే గడ్డిలో పడుకుంటాయి. మేము రోడ్డు మీద నిలబడే లెక్కేసినాము, 31 తేలినాయి. దయచేసి ఎవరూ ఆ టైములో గడ్డిలోకి దిగొద్దండి. ఒకటి లేస్తే అన్నీ లేస్తాయి, చీకట్లో ఇంకో చోటు వెతుక్కోలేవు.

రెండు ఫొటోలు పెడతాండా. మొదటిది బూడిద రంగు మగది. రెండోది గోధుమ రంగుది. ఈ గద్దల్లో మాంటేగూ జాతివా, పాలిడ్ జాతివా తేల్చండి సార్.

రెక్కగుర్తు | మార్చి 1, ఉదయం 7:35

ఫొటోలు బాగా పనికొచ్చాయి. మొదటిది మాంటేగూ మగది. రెక్క మధ్యలో, పైవైపున, గీత గీసినట్టు నల్లటి పట్టీ ఉంది చూడండి. పాలిడ్ మగదానికి ఆ పట్టీ ఉండదు, రెక్క కొసన మాత్రం నల్లటి సన్నని మేకులాంటి గుర్తు ఉంటుంది, ఒళ్లంతా ఇంకా తెల్లగా ఉంటుంది.

రెండోదే అసలు సంగతి. గోధుమ రంగువి చూడగానే ‘ఆడది’ అని రాసేసి వదిలేస్తుంటారు. దీన్ని పెద్దది చేసి మెడ దగ్గర చూడండి. చెంప మీద నల్లటి మచ్చ, దాని వెనకాల మెడ చుట్టూ తేలిక రంగు పట్టీ, ఆ వెనక మళ్లీ ముదురు రంగు. రొమ్మూ పొట్టా గీతలు లేకుండా ఒకే తుప్పు రంగు. ఇది నిరుడు పుట్టిన పాలిడ్ పిల్ల. మాంటేగూ పిల్లకు కూడా పొట్ట తుప్పు రంగే గానీ మెడ పట్టీ ఇంత స్పష్టంగా ఉండదు.

మన దగ్గరి మాంటేగూలకు ఉపగ్రహ ట్యాగులు వేసి చూస్తే కజకిస్తాన్ దాకా వెళ్లాయి. గడ్డి మైదానం నుంచి గడ్డి మైదానానికి. మధ్యలో దిగడానికి కూడా గడ్డే కావాలి. మనం బంజరు అని రాసిపెట్టి చదును చేసేస్తున్న భూములు ఇవే. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

అల్మాటీ విద్యార్థిని | మార్చి 2, మధ్యాహ్నం 1:15

అందరికీ నమస్తే. మాది కరీంనగర్, ఇక్కడ కజకిస్తాన్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాను. కజకిస్తాన్ పేరు చూసి ఆగలేక రాస్తున్నా. ఇప్పుడు ఇక్కడ ఇంకా మంచే. హాస్టల్ చుట్టూ కాకులు తప్ప ఏమీ లేవు.

నిరుడు మే నెలలో క్లాస్‌మేట్స్‌తో ఊరి బయటకు వెళ్లినప్పుడు రాళ్లగుట్ట మీద గులాబీ గోరింకల గుంపు చూశాను. ప్రతి రాతి సందులో ఒక గూడు. గోల ఎంతంటే పక్కవాళ్ల మాట వినిపించలేదు. మా అమ్మమ్మ ఊళ్లో చిన్నప్పుడు మోదుగు మీద చూసిన పిట్ట అది! ఇంటి నుంచి ఇంత దూరంలో తెలిసినవాళ్లు కనిపించినట్టు అయింది. వీడియో తీసి అమ్మమ్మకు పంపాను.

మోదుగు తోవ అన్నా, మీరు ఆఖరి తేదీ రాయండి. నేను ఇక్కడ మొదటి తేదీ రాస్తాను.

మోదుగు తోవ | మార్చి 2, రాత్రి 7:50

అక్కా, మాట ఇచ్చినట్టే. పక్కా రాస్త. మా బాపుకు గూడ చూపెట్టిన నీ మెసేజ్. గంత దూరం పోతయా అని శానాసేపు అడిగిండు.

బాల్కనీ నుంచి (హైదరాబాద్) | మార్చి 5, ఉదయం 8:25

అడవులకూ చెరువులకూ వెళ్లలేని నాలాంటివాళ్లు కూడా రాయొచ్చా? మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలంలో పొదలున్నాయి. అక్టోబర్ నుంచి ఆ పొదల్లో ఒక చిన్న మట్టిరంగు పిట్ట ‘చెక్... చెక్’ అంటూ తిరుగుతోంది, బయటకు రాదు. బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అని ఇక్కడే చెప్పారు. నాలుగు రోజులుగా అది పాడుతోంది! పెద్ద గొంతుతో కాదు, తనలో తాను పాడుకున్నట్టు. మధ్యలో వేరే పిట్టల కూతలు కూడా కలుపుతోంది. కోకిల కూత, కంసాలి పిట్ట ‘టుక్ టుక్’ ఎటూ మొదలయ్యాయి. వాటి మధ్య ఇది వినాలంటే చెవి పెట్టాలి.

మంజీర ఒడ్డు | మార్చి 5, ఉదయం 9:10

మేడమ్, తప్పకుండా రాయాలి. రోజూ ఒకే పొదను చూసేవారి నమోదుకు ఉన్న విలువ, నెలకోసారి పెద్ద చెరువుకు వెళ్లే మాలాంటి వారి దానికి ఉండదు. అది వెళ్లిపోయిన తేదీ మీకు ఒకరోజు అటూ ఇటూగా తెలిసిపోతుంది. మాకు వారం తేడా వస్తుంది. రోజూ ఓ పదిహేను నిమిషాలు, అదే సమయానికి. కనిపించిన, వినిపించిన ప్రతి పిట్టనూ రాసి ఈ-బర్డ్‌లో ‘కంప్లీట్ చెక్‌లిస్ట్’ అని పెట్టండి. అలా పెడితేనే, జాబితాలో లేని పిట్టను మీరు రాయడం మానలేదు, అది మీకు కనబడలేదు అని లెక్క వేయగలుగుతారు.

ప్రాణహిత పక్క | మార్చి 9, సాయంత్రం 5:40

బెజ్జూరు దిక్కు నుంచి. పొడుగు ముక్కు రాబందులు రెండు ఆకాశంలో తిరుగుతుండగా చూసినం. 2013లో పాలరాపు గుట్ట మీద వీటి గూళ్లు బయటపడ్డప్పటి నుంచి మా మండలానికి ఒక గౌరవం వచ్చింది. ఇది పిల్ల గూట్లో ఉండే కాలం. గూడు జాగ ఫొటో ఉంది, పెట్టమంటరా?

నిర్వాహకులు | మార్చి 9, సాయంత్రం 6:05

వద్దండి. రాబందు, గుడ్లగూబ, డేగ, ఏ పెద్ద పిట్టదైనా గూడు ఉన్న చోటు ఇక్కడ పెట్టకూడదు. మండలం పేరు చాలు. గూటి ఫొటోలు అటవీశాఖవాళ్లకు ఇవ్వండి, వాళ్లకు అవసరం. ఇంకో మాట, మీ ఊళ్లో పశువుల మందుల దుకాణంలో డైక్లోఫెనాక్ అమ్ముతున్నారేమో గమనించండి, కళేబరం ద్వారా రాబందులను చంపే నొప్పి మందు అది. పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు. కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను 2023లో ఆపేశారు. మెలాక్సికామ్ వాడితే పశువుకు నొప్పి తగ్గుతుంది, కళేబరం తిన్న రాబందుకు ప్రమాదం లేదు. ఆ ఒక్క మాట పశువుల డాక్టరుతో, రైతులతో మాట్లాడండి చాలు.

తీరం వెంట | మార్చి 14, ఉదయం 9:30

స్కిమ్మర్లు నిన్న 9. ఈ ఉదయం అదే తిన్నె, అదే పాటు, ఒక్కటీ లేదు. పక్క తిన్నెలు కూడా చూశాం. రేపూ ఎల్లుండీ వెళ్లి మళ్లీ చూస్తాను. కర్లూ శాండ్‌పైపర్లలో ఇటుకరంగు పొట్టలు బాగా పెరిగాయి.

మంజీర ఒడ్డు | మార్చి 17, రాత్రి 8:45

సింగూరు బాతులు మార్చి 11న 17, మార్చి 15న 5, ఈరోజు లేవు. హిమాలయాలు దాటేటప్పుడు ఈ జాతి బాతులు 7 వేల మీటర్ల పైన ఎగిరినట్టు ట్యాగులతో నమోదైంది. అవి నిన్నటిదాకా శనగ చేల పక్కన బురదలో ముక్కులు పెట్టుకు తిరిగినవే. ఎల్లో వ్యాగ్‌టెయిల్స్ మాత్రం ఇంకా చాలా ఉన్నాయి, పసుపు ముదిరి మెరిసిపోతున్నాయి.

బాల్కనీ నుంచి | మార్చి 21, ఉదయం 7:40

నా పొద పిట్ట ఇంకా ఉంది. ఈరోజు కొంచెం గొంతు పెంచింది. ఆ స్థలంలో జేసీబీ వచ్చి నిలబడింది. పొదలు తీస్తారేమోనని అసోసియేషన్ వాళ్లతో మాట్లాడాను, ఏప్రిల్ చివరిదాకా ఆ మూల జోలికి వెళ్లబోమని చెప్పారు.

మోదుగు తోవ | మార్చి 23, పొద్దున 8:00

జొన్న కోసినం. మోదుగు పూత రాలిపోయింది. గులాబీ గోరింకలు 20 తారీఖు పొద్దుగాల బూరుగు చెట్టు మీద 40 దాక ఉండె. 21, 22, ఇయ్యాల చూసిన, లెవ్వు. ఇగ ఆఖరి తేదీ 20 అని రాయాల్నా?

రెక్కగుర్తు | మార్చి 23, ఉదయం 9:15

అప్పుడే వద్దు తమ్ముడూ. నీ గుంపు వెళ్లి ఉండొచ్చు, కానీ దక్షిణాన ఉన్న గుంపులు మీ మీదుగానే వెళ్లాలి. ఏప్రిల్‌లో కూడా ఒకటీ అరా దిగుతాయి. మేడి, రావి పండ్లున్న చెట్లు చూస్తూ ఉండు. ఏప్రిల్ నెలాఖరు దాకా రెండు రోజులకోసారైనా చూసి, ఆ తర్వాత అల్మాటీ అమ్మాయికి తేదీ ఇవ్వు.

నల్లరేగడి | మార్చి 24, రాత్రి 9:55

రోళ్లపాడులో నిన్న సాయంత్రం పిల్లి గద్దలు 12. అన్నీ గోధుమ రంగువే, బూడిద మగది ఒక్కటీ కనబడలేదు. ఈ శనివారం మళ్లా పోతాండాము. నంద్యాల నుంచి 3:30కి బయల్దేరుతాము, కారులో ఇద్దరికి చోటుంది. ఎండ చానా ఉంది, నీళ్లు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి. లెక్క రాయడానికి ఒకరు, బైనాక్యులర్ పట్టడానికి ఒకరు కావల్ల. వచ్చేవాళ్లు రేపు రాత్రిలోగా చెప్పండి.